మద్రాసు–26కి వెళ్ళిన కార్డులు

చందమామ, వడపళని, మద్రాసు–26. అరవై దాటిన తెలుగువాళ్ళలో ఈ చిరునామా ఇప్పటికీ కంఠతా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళంలో ఉన్నా బళ్ళారిలో ఉన్నా, కార్డు కుడివైపు ఆ చిరునామా, ఎడమవైపు రెండే రెండు ముక్కలు రాసి, ఎర్ర డబ్బాలో వేసి రోజులు లెక్కపెట్టుకున్న తరం అది. చెన్నైలో ఉన్న మనకు వడపళని అంటే మెట్రో స్టేషను, మురుగన్ గుడి, సాయంత్రం పూట కదలని బండ్లు. ఆ తరానికి మాత్రం అది కథలు బయల్దేరే ఊరు.

ఆ రెండు ముక్కలూ ఫోటో వ్యాఖ్యల పోటీ కోసం. పత్రికలో ఎదురెదురుగా రెండు ఫోటోలు వేసేవాళ్ళు. ఒక్కోదానికి ఒక మాటో చిన్న వాక్యమో రాయాలి. రెండు వ్యాఖ్యలకూ పొత్తు కుదరాలన్నదే అసలు నియమం. ఒక బొమ్మలో బావి గట్టున ఖాళీ బిందె, ఇంకో దానిలో కొండ మీద నల్లమబ్బు ఉన్నాయనుకోండి. విడివిడిగా ఎంత బాగా రాసినా పనికిరాదు, రెండూ ఒకదాన్నొకటి అందుకోవాలి. కవరులో కాదు, కార్డు మీదే పంపాలి, గడువు తేదీలోగా చేరాలి. పది పన్నెండేళ్ళ పిల్లకు ఇంతకంటే మంచి భాషాభ్యాసం ఏ బడిలోనూ లేదని నా గట్టి నమ్మకం. చూడాలి, పోల్చాలి, కుదించాలి, గడువు పాటించాలి. చూడ్డానికి ఇది ఆటే. కానీ ఊరు దాటని పిల్లతో "నీ మాట మాకు కావాలి" అని ఒక పత్రిక నెలనెలా చెప్పడమంటే చిన్న విషయం కాదు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం ఇంకా నెల దూరంలో ఉంది. తరవాత మిగతా భారతీయ భాషలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 1952 నుంచి 1980లో పోయేవరకూ కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రిక భారం మోశారు. ఎవరు పంపిన కథైనా ఆయన కలం కింద నుంచి వచ్చేసరికి ఒకే తెలుగులో నడిచేది. చిన్న వాక్యం, వాడుక మాట, అనవసరమైన విశేషణం ఉండదు. కథ అయిపోయాక "కాబట్టి పిల్లలూ" అని పాఠం అప్పజెప్పేవాళ్ళు కారు. నీతి ఉంటే కథలోనే ఉండేది, పట్టుకున్న పిల్ల పట్టుకునేది.

బేతాళ కథనే చూడండి. ప్రతి నెలా ఒకటే మొదలు: చెట్టు, శవం, భుజం, శ్మశానం వైపు నడక. ప్రతి నెలా ఒకటే ముగింపు: రాజు నోరు విప్పుతాడు, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. పని చెడిపోయిందన్నమాట. వచ్చే నెల మొదటి వాక్యంలోనే రాజు తిరిగి చెట్టు దగ్గరికి నడుస్తుంటాడు. ఓడిపోవడం, మళ్ళీ బయల్దేరడం దశాబ్దాల పాటు పిల్లల కళ్ళముందు జరిగాయి. పట్టుదల గురించి వ్యాసం ఒక్కటైనా రాయనక్కర్లేకపోయింది. మధ్యలో ఒక చిక్కు ప్రశ్న. జవాబు చదివేముందు పుస్తకం మూసి వాదించుకున్న ఇళ్ళు ఎన్నో. తీర్పు చెప్పాలంటే కారణం చెప్పాలని నేర్పింది ఆ ప్రశ్నే. భుజాన శవం, చేతిలో కత్తి ఉన్న ఆ రాజును గీసిన శంకర్ గారు తమిళులు. మన పిల్లల మనసులో విక్రమార్కుడి రూపం ఆయన చెయ్యి. రెండు భాషలూ ఒకే కప్పు కింద పనిచేస్తేనే అలాంటిది సాధ్యం, అది మద్రాసుకే చెల్లింది.

అచ్చు పని సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పత్రిక మీద నమ్మకం అక్కడే పుడుతుంది. సీసం అక్షరాల రోజుల్లో తెలుగు కంపోజింగు అంటే మాటలా! ఇంగ్లీషుకు చిన్న కేసు, అంటే అక్షరాల గళ్ళ పెట్టె, చాలు. మనకు గుణింతాలు, ఒత్తులు, వాటి కలగలుపులతో కేసులో వందల గళ్ళు. కంపోజిటరు ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో అక్షరం ఏరి, తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేరుస్తాడు. లైను నిండకపోతే మాటల మధ్య రేకు ముక్కలు దూర్చి బిగించాలి. వదులుగా ఉంటే అచ్చు వేసేటప్పుడు అక్షరం లేచి వచ్చేస్తుంది. అచ్చయ్యాక ప్రతి అక్షరం కడిగి తిరిగి దాని గడిలో వేయాలి. తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 'ప' గడిలో 'వ' పడిందంటే ఆ తప్పు ఇవాళ కనబడదు, వచ్చే నెల ఫారంలో తేలుతుంది. అందుకే ప్రూఫు ఒకసారి కాదు, రెండు మూడుసార్లు, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దేవాళ్ళు. రంగుల బొమ్మకు పసుపు, ఎరుపు, నీలం, నలుపు విడివిడి బ్లాకులు. ఒక రంగు ఆరకముందే రెండోది ఎక్కిస్తే అలుక్కుపోతుంది. కాగితం వెంట్రుకవాసి జరిగితే రాజుగారి మీసం పెదవి దాటి చెంప మీదికి పోతుంది. మద్రాసు తేమకు కాగితం సాగుతుంది కూడా. కాబట్టి వానాకాలంలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అక్షరాలు దిద్దుకునే పిల్ల చేతికి వెళ్ళే పుస్తకంలో ఒత్తు తప్పితే ఆ పిల్ల తప్పే నేర్చుకుంటుంది. ఆ భయం పెట్టుకుని పనిచేసినవాళ్ళు వాళ్ళు.

చందమామకు ముందు కూడా మద్రాసు తెలుగు పత్రికలది ఇదే తోవ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక వచ్చింది. ఆయనే తయారుచేయించిన అమృతాంజనం సీసాల మీద వచ్చిన డబ్బు అక్షరాల్లోకి పోయింది. మైలాపూరు లజ్ దగ్గర ఆయన పేరున్న పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎందరో మరి.

నా మనసు ఎక్కువగా ఆగేది వైద్యులు కె.ఎన్. కేసరి గారి గృహలక్ష్మి దగ్గర. 1928లో మొదలైన స్త్రీల మాసపత్రిక. అందులో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 'శారద లేఖలు' రాసేవారు. శారద అనే ఆమె కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలు. బాల్యవివాహాల నిరోధక చట్టం, ఖద్దరు, ఆడవాళ్ళ చదువు అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చేవి. ఆ చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, ఆడపిల్లకు పధ్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది అని. గెజిట్లో చదివితే అది ఒక సెక్షను. స్నేహితురాలి ఉత్తరంలో చదివితే మన వీధి చివరి పెళ్ళి. ఉపన్యాసం వద్దనుకున్న మనిషి కూడా ఉత్తరం చదవకుండా ఉండలేదు కదా, పైగా పక్కవాళ్ళ ఉత్తరం! ఆ రూపం ఎంచుకోవడంలోనే ఆమె తెలివి ఉంది.

అదే తోవలో ఇంకో అడుగు మాలతీ చందూర్ గారిది. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలైన 'ప్రమదావనం' నలభై ఏళ్ళకు పైగా నడిచింది. చెన్నైలో కూర్చుని, వంట నుంచి ఒంటి బాధల దాకా, చదువు నుంచి కాపురం దాకా తెలుగు ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నలకు జవాబులు రాశారు. బయట ఎవరికీ చెప్పుకోలేని మాట పత్రికకు చెప్పుకోవచ్చన్న ధైర్యం కలిగించారు.

ప్రశ్నలు–జవాబుల శీర్షిక నడపడం తేలిక అనుకుంటారు. కాదు. వచ్చిన ఉత్తరాన్ని ముందు అచ్చుకు తగ్గట్టు మార్చాలి. పేరు తీసేస్తే సరిపోదు. "మా ఆయన ఫలానా మిల్లులో, మాకు ముగ్గురు ఆడపిల్లలు, మామగారు కరణం" అని ఉంటే ఊరంతా పోల్చుకుంటుంది. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య, వీటిలో సమస్యకు అవసరమైనది ఒక్కటే ఉంచి మిగతావి తీసెయ్యాలి. జవాబులో మొదటి వాక్యమే సూటిగా ఉండాలి: తప్పు నీది కాదనో, డాక్టరుకు చూపించు అనో, ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు అనో. ఆ తరవాత ఈ వారంలో చేయగలిగిన పని ఒకటి చెప్పాలి. ఐదారు చెబితే ఒక్కటీ చెయ్యరు. ఎక్కడికి వెళ్ళాలి, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది రాయాలి. మాసపత్రికలో జవాబు వచ్చేసరికి రెండు నెలలు పడుతుంది, కాబట్టి ప్రాణం మీదికి వచ్చిన ఉత్తరానికి అచ్చు కోసం ఆగకుండా ఆ రోజే కార్డు రాసి పడెయ్యాలి. అన్నిటికంటే ఎక్కువగా ఈ శీర్షికలు చెడిపోయేది సర్దుకుపొమ్మని చెప్పే దగ్గర. అడిగిన మనిషికి ఓదార్పు ఒక వాక్యం చాలు. మిగతా జాగా అంతా దారికే ఇవ్వాలి.

రేడియో మాట రాకపోతే మద్రాసు కథ సగమే. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం మొదలైంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల్ని మైకు ముందుకు తెచ్చింది ఇక్కడే. 1945లో వాళ్ళు మొదలుపెట్టిన 'బాల' పత్రికలోనే చిన్నప్పటి బాపు, ముళ్ళపూడి రమణలు తొలి అడుగులు వేశారు. పిల్లల కోసం పెద్దవాళ్ళు మాట్లాడటం వేరు, పిల్లల్నే మాట్లాడనివ్వడం వేరు. రెండోది కష్టం. పిల్లలు కాగితం చూసి చదివితే గొంతు బిగుసుకుపోతుంది, కంఠతా పెట్టిస్తే పరుగులు తీస్తుంది. విషయం ముందు చెప్పి, తమ మాటల్లో చెప్పమంటేనే గొంతు తేలికపడుతుంది.

రేడియో ఎంత పని చేయగలదో తంజావూరు రైతుల్ని అడగాలి. 1960లలో ఆడుతురై వరి పరిశోధన కేంద్రం నుంచి ఏడీటీ–27 అనే తక్కువ కాలపు వరి వచ్చింది. దాని సంగతి తిరుచ్చి ఆకాశవాణి పదేపదే చెప్పింది: విత్తనం ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు నాటాలి, ఎరువు ఎంత అన్నది. రైతులు ఆ వడ్లకు రేడియో వడ్లనే పేరు పెట్టేశారు. శాస్త్రవేత్త పెట్టిన నంబరు పోయి, వార్త మోసుకొచ్చిన పెట్టె పేరు మిగిలింది. అంతకుముందే 1956లో పూనా పరిసరాల్లో 150 పల్లెల్లో రేడియో గ్రామ సభలు జరిగాయి. పదిమంది కలిసి వినడం, విన్నది చర్చించడం, సందేహాలు స్టేషనుకు రాయడం, చేయగలిగింది చేయడం. ఆ చర్చ లేకపోతే రేడియో గోడకు చెప్పినట్టే. ఇంటికో ఫోను వచ్చాక మనం పోగొట్టుకున్నది సరిగ్గా అదే, పక్కన కూర్చుని వినే మనిషిని.

మంచి వార్తలంటే చాలామందికి దానం చేస్తున్న చేతుల ఫోటో, అవార్డు అందుకున్న పిల్లవాడు, ఒక్కడే చెరువు తవ్విన మహానుభావుడు. అవి చదివితే ఒక నిమిషం బాగుంటుంది, మధ్యాహ్నానికి మరిచిపోతాం. పనికొచ్చే వార్తకు నాలుగు ప్రశ్నలు పడాలి. ఎవరు, ఏం చేశారు? అది పనిచేసిందని ఎలా తెలుసు? ఎంత ఖర్చు, ఎన్ని రోజులు? ఎక్కడ పనిచెయ్యలేదు? ఆఖరిది తీసేస్తే వార్త ప్రకటన అయిపోతుంది. ఇలా రాయడాన్నే ఇప్పుడు సొల్యూషన్స్ జర్నలిజం అంటున్నారు, ఆ పేరుతో అమెరికాలో 2013లో ఒక సంస్థ కూడా మొదలైంది. మన పాత పత్రికల వ్యవసాయం పేజీ, వంటల పేజీ దీన్ని పేరు లేకుండానే చేశాయి. అల్లం పచ్చడి ఎందుకు చేదెక్కిందో రాసిన పేజీ నాలుగో ప్రశ్నకు జవాబు రాసిన పేజీయే.

చెన్నైలో దీనికి నీళ్ళను మించిన ఉదాహరణ లేదు. 1983 ఒప్పందంతో కృష్ణ నీరు తెలుగుగంగగా ఊత్తుకోట దగ్గర సరిహద్దు జీరో పాయింటు దాటి పూండికి రావడం మనవాళ్ళకు గర్వమే. అయినా 2019 వేసవిలో నగరానికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ నేల కనబడేంత ఎండాయి. బీటలు వారిన చెరువు ఫోటో ప్రపంచమంతా తిరిగింది. నిజమైన ఫోటోయే, వేయాల్సిందే. దాని పక్కన గీతలు కట్టిన చిన్న పెట్టెలో ఇంకో ముక్క కూడా ఉండాలి. 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది, అది మీ ఇంట్లో ఇవాళ పనిచేస్తోందా?

లెక్క చిన్నది. వంద చదరపు మీటర్ల డాబా మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. చిమ్మిపోయింది, ఇంకింది తీసేస్తే ఎనిమిది వందలైనా గొట్టంలోకి వస్తాయి. చెన్నైకి ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఆ డాబా ఒక్కటే లక్ష లీటర్లకు పైగా ఇస్తుంది, పది పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు లారీలు తొమ్మిది నుంచి పదకొండు. డాబా గొట్టం తిన్నగా బావిలోకి దింపకూడదు. మధ్యలో రెండున్నర అడుగుల చదరం, మూడడుగుల లోతు గుంట కట్టి, అడుగున అడుగు మందం గులకరాళ్ళు, దాని మీద నైలాను వల, ఆ పైన అడుగు మందం ముతక ఇసుక వెయ్యాలి. నీరు పై నుంచి వచ్చి కింది గొట్టంలోంచి బావికి పోవాలి. పైన ఒక పొర్లు గొట్టం ఉండి తీరాలి, లేకపోతే కుండపోత రోజున గుంట పొంగి ఇసుకంతా వాకిట్లోకి వస్తుంది. మొదటి వాన నీరు వదిలెయ్యాలి, అందులో ఏడాది దుమ్ము, పావురాల రెట్ట ఉంటాయి. చాలా ఇళ్ళలో ఏర్పాటు ఉండి కూడా పనిచేయకపోవడానికి ఒక ముఖ్య కారణం: ఇసుక మీద అట్టకట్టిన బురద. ఏటా సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనం రాకముందే, పై అంగుళం ఇసుక గీకి పారేసి కొత్తది వేస్తే చాలు. రెండు గంటల పని. ఈ పెట్టెకు పత్రికలో పట్టే జాగా ఎంత? జానెడు.

వాన లేక ఏడ్చిన ఊరే అంతకు నాలుగేళ్ళ ముందు మునిగింది. 2015 డిసెంబరు వరదలో పనివాళ్ళు ప్రెస్సుకు చేరలేక, 1878 నుంచి వస్తున్న ది హిందూ చెన్నై సంచిక ఒక రోజు అచ్చుకాలేదు. ఆ రోజుల్లో జనమే పత్రిక అయ్యారు. ఎవరికి పడవ కావాలి, ఎక్కడ అన్నం ఉంది అని ఫోన్లలో జాబితాలు తిరిగాయి. జాబితా ప్రాణం కాపాడాలంటే ప్రతి వరుసలో వీధి, దగ్గరి గుర్తు, ఎన్నో అంతస్తు, ఎంతమంది, ఫోను నంబరు, కబురు వచ్చిన సమయం ఉండాలి. సమయం లేని కబురే అన్నిటికంటే ప్రమాదం. నిన్న రాత్రి బయటపడ్డ కుటుంబం కోసం ఇవాళ పడవ వెళ్తుంది, ఇవాళ మునుగుతున్న ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది. పంపే ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోను చెయ్యాలి, సాయం అందగానే "అందింది, ఇన్ని గంటలకు" అని అదే వరుసలో రాయాలి. కార్డు మీద గడువు తేదీ చూసి రాసిన అలవాటు ఇలాంటి చోట అక్కరకొస్తుంది.

ఇక ఆ పాత సంచికల సంగతి. పాత పుస్తకాలు దొరికే మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది, చందమామ కూడా చాలా ఏళ్ళ క్రితమే ఆగిపోయింది. మిగిలినవి మన అటకల మీదా, ట్రంకుపెట్టెల్లోనూ ఉన్నాయి. చెన్నై తేమ కాగితానికి శత్రువు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకండి, లోపల తేమ చేరి బూజు పడుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, ఎండు వేపాకు చుట్టూ పెట్టండి, పుస్తకం మధ్యలో కాదు, మరక పడుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేపు వెయ్యొద్దు, కొన్నేళ్ళకు ఆ జిగురు పచ్చబడి అక్షరాన్ని తినేస్తుంది. పల్చని కాగితం ముక్క, మైదా గంజి చాలు. బూజు పట్టినదాన్ని ఎండలో పెట్టకండి. నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని బ్రష్షుతో బయటికి దులపండి.

స్కాను చేసేటప్పుడు అందరూ కథలూ అట్టబొమ్మలే తీస్తారు. పాఠకుల ఉత్తరాలు, ప్రశ్నలు–జవాబులు, ఫోటో వ్యాఖ్యల ఫలితాల పేజీ వదిలెయ్యకండి. కథలు ఇంకెక్కడైనా దొరుకుతాయి, ఆ పేజీలు దొరకవు. మూడు వందల డీపీఐకి (అంగుళానికి చుక్కల లెక్క) తగ్గకుండా, నలుపూ తెలుపూ బొమ్మైనా రంగులోనే తీయండి, వెలిసిన సిరా అప్పుడే చదవడానికి వస్తుంది. కుట్టు విప్పకుండా పేజీ చదునుగా రాకపోతే, స్కానరు మీద నొక్కకుండా పైనుంచి ఫోనుతో ఫోటో తీయండి, రెండు పక్కలా వెలుతురు పెట్టి. ఫైలు పేరులో ముందు ఏడాది, తరవాత నెల, ఆ తరవాత పుట సంఖ్య వెయ్యండి. ఫలితాల పేజీలో గెలిచినవాళ్ళ పేరు పక్కన ఊరు పేరు కూడా ఉంటుంది. అది చదవడానికి వచ్చేలా తీయండి, ఆ ఊళ్ళో ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు.